నవంబరు ఒకటికి ముందే వెలిగిన ఫర్నేసు

అక్టోబరు 2, బుధవారం

ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పోయింది.

గ్యాసు కంపెనీ మనిషి బేస్‌మెంట్‌లో అరగంట మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి లైటు వేసి చూసి, తల అడ్డంగా ఊపాడు. "మంట మండే పెట్టె పగిలిందమ్మా. వెలిగిస్తే విషవాయువు ఇంట్లోకొస్తుంది. ఇంక దీన్ని ముట్టుకోకండి" అని గ్యాసు కట్టేసి, దాని మెడకి ఎర్ర చీటీ వేలాడదీసి వెళ్ళిపోయాడు. ఇరవై ఏడేళ్ళుగా మా ఆయన వెర్లిన్ తప్ప ఎవరూ ముట్టుకోని ఫర్నేసు. దాని పక్కన నిలబడి "ఇప్పుడేనా నీకు చావొచ్చింది?" అని గట్టిగా తిట్టాను.

ఇది నేను పనిచేసే స్కూలు వంటగదిలో వాడకుండా మిగిలిపోయిన మెనూ పుస్తకం. ముందు పేజీల్లో సోమవారం మాకరోనీ, మంగళవారం చికెన్ అని నా రాతే ఉంది. వెనక నుంచి రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేనిది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా.

వెర్లిన్‌ని ఆసుపత్రి నుంచి ఇరవై నాలుగో తారీఖున ఇంటికి పంపుతామన్నారు. న్యుమోనియా తగ్గింది గానీ ఊపిరితిత్తులు పాతవైపోయాయి. కాగితాల మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళ ధూళి మరి. నర్సు నా చేతిలో ఒక చీటీ పెట్టింది. ఇల్లంతా ఒకే తీరుగా డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. కట్టెల పొయ్యి కూడదు, కిరసనాయిల్ హీటరు కూడదు. వేసవిలో తేమ లేని చల్లటి గాలి. ఇవి లేకపోతే నలభై మైళ్ళ అవతలున్న సంరక్షణ కేంద్రానికి పంపుతారట, వసంతం దాకా.

"అక్కడికి పంపితే నేను తిరిగి రాను ఆర్డిస్" అన్నాడు వెర్లిన్ ఆదివారం నాడు, కిటికీ వైపు చూస్తూ.

ఇరవై రెండు రోజుల గడువుంది. నా దగ్గర తొమ్మిది వేల డాలర్లున్నాయి. వంటింటి అల్మరాల కోసం దాచినవి. నాకు అల్మరాలంటే అంత మోజేమీ లేదు.

అక్టోబరు 3, గురువారం

వెర్లిన్ దగ్గరికి వెళ్ళాను. కూర్చోగానే మొదటి మాట, "ఫర్నేసు వెలిగించలేదు కదా?"

"లేదు."

"శభాష్! ఈసారి టోపీ మనదే."

అబద్ధం చెప్పలేదు నేను. వెలిగించలేదు కదా.

ఆ టోపీ వాళ్ళ నాన్నది. ఎర్ర గళ్ళది, చెవుల మీదికి రెక్కలు దిగేది. ఆయన జన్మలో నవంబరు ఒకటికి ముందు ఫర్నేసు వెలిగించలేదట. ఆయన పోయాక కొడుకులిద్దరూ దాన్ని పందెం చేశారు. ఎవరింట్లో ముందు వెలిగితే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాడికి టోపీ. ఓడినవాడు ఆ చలికాలమంతా గెలిచినవాడి వాకిట్లో మంచు ఎత్తాలి. మా మరిది డెల్మర్ ఇల్లు వీధికి అవతలి వైపే, సరిగ్గా మా ఎదురుగా. అందుకని అక్టోబరు నెలంతా అన్నదమ్ములిద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని ఒకరి చిమ్నీ వంక ఒకరు చూస్తూ నిలబడతారు. మొదట్లో ఏడేళ్ళు వెర్లినే గెలిచాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళుగా వరసగా డెల్మరే.

ఓడిన ప్రతిసారీ తప్పు నాదే. "నీ చలి గోల పడలేక వెలిగించా. నీవల్లే పోయింది."

తొమ్మిదేళ్ళు అలా అనిపించుకున్నాను.

అక్టోబరు 5, శనివారం

ఇంట్లో యాభై నాలుగు డిగ్రీలు. వెన్నలోకి కత్తి దిగడం లేదు. వెర్లిన్ వేట కోటు వేసుకుని వంట చేస్తున్నాను.

ఇంట్లో ఎంత వేడుండాలో పెట్టే థర్మోస్టాట్ వంక చూస్తే నవ్వొచ్చింది. దాని మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పెట్టె, పెట్టెకి తాళం, తాళంచెవి వెర్లిన్ నడుముకున్న గుత్తిలో. లోపల ముల్లు అరవై రెండు మీద ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో దాన్ని నేను ముట్టుకోలేదు. చలిగా ఉందంటే ఒక్కటే మాట: "స్వెట్టర్ వేసుకో." పెళ్ళైన మొదటి చలికాలంలో అన్నాడు, పోయిన మార్చిలోనూ అన్నాడు. మధ్యలో ఎన్ని వందలసార్లు అన్నాడో.

మనిషి మంచివాడే. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చేవాడు. కానీ ఒక్క డిగ్రీ పెంచేవాడు కాదు.

అక్టోబరు 7, సోమవారం

ఫర్నేసులు అమ్మే పెద్ద కంపెనీ వాళ్ళు మనిషిని పంపారు. పేరు బ్రాడెన్. ఇస్త్రీ చొక్కా, బేస్‌మెంట్ మెట్లు దిగినా మరక పడని బూట్లు. అరచేతిలో కంప్యూటర్ పలక పెట్టుకుని బొమ్మలు చూపించాడు. మంట తనంతట తాను పెంచుకుని తగ్గించుకునే ఫర్నేసు, ఫోన్లోంచి మాట్లాడే థర్మోస్టాట్, గాలిని కడిగే లైటు. అన్నీ కలిపి పదిహేడు వేల నాలుగు వందలట.

"నా దగ్గర తొమ్మిదే ఉన్నాయి నాయనా."

"వాయిదాలున్నాయి మేడమ్. కానీ ఈ ధర ఇవాళ సాయంత్రం దాకానే. ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి."

"రేపు చెబుతాను."

అతను పలక మూసి, గొంతు తగ్గించాడు. "మీ ఆయన ఆరోగ్యం గురించి చెప్పారు కదా. ఆయన ప్రాణం కన్నా డబ్బు ఎక్కువా మేడమ్?"

ఒళ్ళు మండిపోయింది. మూడొందల మంది పిల్లలకి ఇరవై ఆరేళ్ళు వండిపెట్టిన దాన్ని, అరవడం నాకు కొత్త కాదు. "మా ఆయన ప్రాణం సంగతి నీ పలకలో రాసుందా? లే. తలుపు అటుంది" అన్నాను. కోటు తొడుక్కోవడం కూడా వాకిట్లోనే అయింది పాపం.

వాడు వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. కాసేపే.

అక్టోబరు 9, బుధవారం

పొద్దున గడ్డి మీద మంచు పొర. ఎదురింటి చిమ్నీలో పొగ లేదు. డెల్మర్ గట్టివాడే. వాళ్ళ లైలాక్ పొద పక్కన మాత్రం మర్లిస్ బట్టల డ్రయ్యర్ ఆవిరి తెల్లగా లేస్తోంది. ఉన్నదిద్దరు, రోజూ ఇన్ని బట్టలెక్కడివో నా తోడికోడలికి.

ఫర్నేసు పోయిందన్న సంగతి డెల్మర్‌కి చెప్పక తప్పలేదు, గ్యాసు బండి చూశాడు కాబట్టి. మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. చేతుల్లేని బనీనుతో కూర్చుని పేకాడుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ స్వెట్టర్ వేసుకోగా చూడలేదు నేను.

"వెచ్చగా ఉందే" అన్నాను.

"ఇప్పుడే కేకు తీశానక్కా, ఓవెన్ వేడి" అంది మర్లిస్ గబగబా. కేకు ఎక్కడా కనబడలేదు. తినేసుంటారు.

"పాడైన ఫర్నేసుతో చలికి ఓర్చుకుంటే లెక్కలోకి రాదు వదినా" అన్నాడు డెల్మర్. "వెలిగించగలిగి వెలిగించకపోతేనే పందెం."

"పందెం సంగతి తర్వాత. ముందు మీ అన్న ఇంటికి రావాలి."

"అయితే మన బుచ్‌ని పిలు. నాతోపాటు బౌలింగ్ ఆడతాడు. నాకు ఫర్నేసు పెట్టింది అతనే, తొమ్మిదేళ్ళైంది, చీమ కుట్టినంత ఇబ్బంది లేదు. కాకపోతే నాదొక మాట విను. నవంబరు ఒకటి దాకా వెలిగించకు. అన్నయ్య పరువు పోతుంది."

అక్టోబరు 10, గురువారం

బుచ్ వచ్చాడు. బేస్‌మెంట్ మెట్ల మీదే కాఫీ తాగుతూ నిలబడి, పాత ఫర్నేసు మీద అంటించిన కాగితం చదివాడు. "వేడి కొలతలో లక్షా ఇరవై వేల బీటీయూలది. విస్కాన్సిన్ చలి మామూలుది కాదు కదా, లక్షా నలభై వేలది వేసేద్దాం. ఏసీ నాలుగు టన్నులు. పెద్దదుంటే బెంగుండదు."

"ఎంతవుతుంది?"

"డెల్మర్ వదినవి కాబట్టి పదకొండు వేలు."

మొత్తం నాలుగు నిమిషాలు. గది లోపలికి కూడా రాలేదు. కానీ మనవాడు, నమ్మకమైనవాడు. మిగతా రెండు వేలు చర్చిలో ఎవరినైనా అడగొచ్చు. దాదాపు సరేననేశాను.

అక్టోబరు 11, శుక్రవారం

పొద్దున్నే మళ్ళీ మర్లిస్ బట్టల ఆవిరి.

స్కూల్లో పెద్ద ఫ్రీజర్ ఆగిపోతే బాగుచేయడానికి రెనే షిమెక్ వచ్చింది. పక్క ఊరి మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఒక వ్యాను, ఒక నిచ్చెన, తనొక్కతే. ఏడేళ్ళుగా మా ఫ్రీజర్ చూస్తోంది గానీ ఇళ్ళకి ఫర్నేసులు కూడా పెడుతుందని నాకు తట్టనే లేదు. చేపల పళ్ళాలు సర్దుతూ నా గోడు చెప్పుకుంటే, "రేపు వచ్చి కొలుస్తానండి" అంది.

"ఏం కొలుస్తావు? పాతది లక్షా ఇరవై."

"పాత ఫర్నేసుని అడగను నేను. ఇంటిని అడుగుతాను."

అక్టోబరు 12, శనివారం

రెండున్నర గంటలుంది! టేపు పట్టుకుని ప్రతి గోడా, ప్రతి కిటికీ. అటకెక్కి, చలి దిగకుండా పరిచిన దూది మందం చూసింది. ఏ కిటికీ ఏ దిక్కుకుందో రాసుకుంది. తలుపుల దగ్గర తడి చెయ్యి పెట్టి గాలెక్కడ దూరుతోందో పట్టుకుంది. వెనకాలే తిరిగి టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.

పై అంతస్తులో ఆగిపోయింది. "ఈ జాలీలన్నీ మూసేశారెందుకండీ?"

వేడిగాలి వచ్చే జాలీలు నేలలో ఉంటాయి కదా. వాడని గదుల్లో మూసేసి, పైన తివాచీ పరచాడు వెర్లిన్. ఐదు గదుల్లో. "వేడి దండగ కాకుండా" అన్నాను, అదేదో నా తెలివన్నట్టు. ఈ వీధిలో అందరూ చేసేదే.

కింద హాల్లో గాలి వెనక్కి పీల్చుకునే పెద్ద జాలీకి అడ్డంగా వెర్లిన్ వాలుకుర్చీ. రెనే దాన్ని పక్కకి లాగి, జాలీకి అట్టకట్టిన దుమ్ము వేలితో గీకి చూసింది.

"దీనికి ఊపిరాడలేదండీ" అంది. "ముక్కు, నోరు రెండూ మూసేసి పరిగెత్తమన్నారు. వేడి బయటికి పోయే దారి లేక తనలో తనే కాలి పగిలిపోయింది. ముసలిదై పోలేదు."

నేను వాలుకుర్చీ మీద కూర్చుండిపోయాను.

తర్వాత వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతూ అంకెలు వేసి కాగితం నా ముందుకి తోసింది. అరవై వేల బీటీయూల ఫర్నేసు, రెండు టన్నుల ఏసీ. ఫర్నేసు బుచ్ చెప్పినదాంట్లో సగం కూడా లేదు.

"ఇంత చిన్నదా? జనవరిలో గడ్డకట్టి చస్తాం!"

"ఆర్డిస్ గారూ, నలుగురికి సూపు చెయ్యాలంటే స్కూల్లో మూడొందల మంది బాన పొయ్యెక్కిస్తారా?"

"ఎందుకెక్కిస్తాను? అడుగంటుతుంది."

"ఇదీ అంతే. పెద్ద ఫర్నేసు ఐదు నిమిషాలు భగ్గుమని ఆగుతుంది, మళ్ళీ భగ్గుమంటుంది. హాల్లో చెమటలు, పడగ్గదిలో వణుకు. ఏసీ కూడా గది చల్లబరిచేసి తేమ లాగకుండానే ఆగిపోతుంది. మీ ఆయనకి కావలసింది ఒకే తీరు వేడి, పొడిగాలి. చిన్నదే ఇస్తుంది. సన్నమంట మీద వంటనుకోండి."

ముప్ఫై నాలుగేళ్ళలో ఫర్నేసు గురించి నాకర్థమయ్యేలా చెప్పిన మొదటి మనిషి.

"ఫోన్లో మాట్లాడే థర్మోస్టాట్, గాలి కడిగే లైటు?"

"ఫోన్లో మాట్లాడ్డానికి మీకు మనుషుల్లేరా? ఆ లైటు డబ్బుతో అటకమీద ఇంకో పొర దూది వేయించుకోండి. జాలీలు తెరవండి, తలుపుల సందులు మూయండి. వాటికి దాదాపు ఖర్చే లేదు."

మొత్తం ఎనిమిది వేల ఆరు వందలు. దూదితో కలిపి. ఇరవై ఒకటిన మొదలుపెట్టి ఇరవై రెండుకి అయిపోతుందట.

నేను చేయి చాపాను. ఆవిడ చేయి చాపింది. అరచెయ్యంతా గరుకు, నా చెయ్యిలాగే.

అల్మరాలు ఇంకో ఇరవై ఏళ్ళు ఆగుతాయి. తలుపులు వేలాడితే ఏం, గిన్నెలు పడిపోవు కదా.

అక్టోబరు 14, సోమవారం

డెల్మర్ వెళ్ళి వెర్లిన్‌కి ఊదేశాడు. సాయంత్రం ఫోను మోగింది.

"ఏమే, పగులుంటే సిమెంటు పూసేవాణ్ణి కదా! నాతో ఒక్క మాట చెప్పవా?"

"విషవాయువు వెర్లిన్. సిమెంటు కాదు."

"అరవై వేలదట! బొమ్మరిల్లుకి పెడతారు అది. బుచ్‌ని కాదని ఆడమనిషిని తెచ్చి పెట్టిస్తున్నావట! అదీ నవంబరు ఒకటికి ముందు. వారం ఆగలేవూ? ఎప్పుడూ ఇంతే నువ్వు, నీకు చలి…"

"నీకు ఇరవై నాలుగున ఇంటికి రావాలనుందా, లేదా?"

దగ్గు. చాలాసేపు దగ్గు. తర్వాత ఫోను పెట్టేశాడు.

దగ్గు తగ్గినట్టే ఉంది.

అక్టోబరు 15, మంగళవారం

వెర్లిన్ మాట్లాడలేదు.

అక్టోబరు 16, బుధవారం

మాట్లాడలేదు. నేను తెచ్చిన బంగాళాదుంపల సూపు మాత్రం తిన్నాడు. మొత్తం తిన్నాడు.

అక్టోబరు 17, గురువారం

ఐదు గదుల్లో తివాచీలు ఎత్తేసి, జాలీలన్నీ తెరిచి కడిగాను. ఒకదాంట్లోంచి నా పెళ్ళినాటి చెవిపోగు దొరికింది. పోగొట్టుకున్నప్పుడు ఎంత ఏడ్చానో. ఇన్నేళ్ళూ కాళ్ళ కిందే ఉంది.

దగ్గు తగ్గలేదు. సోమవారం తగ్గిందని రాశాను, అది నిజం కాదు.

అక్టోబరు 20, ఆదివారం

చర్చిలో బుచ్ అందరి ముందూ, "ఏం వదినా, జనవరిలో దుప్పట్లు కావాలంటే చెప్పు, మా ఇంట్లో ఉన్నాయి" అన్నాడు. నలుగురూ నవ్వారు. డెల్మర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

భయంగా ఉంది. చిన్నది సరిపోకపోతే? గురువారం నర్సు కూడా వెంట వస్తుంది, గది గదికీ థర్మామీటరు పెట్టి చూస్తుంది. ఏ గదిలో తక్కువున్నా అదే కారులో వెర్లిన్‌ని వెనక్కి తీసుకుపోతారు. అలా వెనక్కి వెళ్ళడం నేను చూడలేను.

అక్టోబరు 21, సోమవారం

స్కూలుకి సెలవు పెట్టాను. పాతది ముక్కలై బయటికెళ్ళింది. దాని పక్క రేకు మీద వెర్లిన్ పెన్సిల్‌తో రాసుకున్న తారీఖులున్నాయి, ప్రతి ఏడూ వెలిగించిన రోజు. ఆ రేకు ఒక్కటి ఉంచమన్నాను.

అక్టోబరు 22, మంగళవారం

అయిపోయింది! వెలిగింది!

ఎక్కడ మొదలుపెట్టను? తాళం దగ్గర మొదలుపెడతాను.

కొత్త థర్మోస్టాట్ పెట్టడానికి పాత ప్లాస్టిక్ పెట్టె తీయాలి. "తాళంచెవి మా ఆయన దగ్గరుంది, వెళ్ళి తెస్తాను" అని కోటు తొడుక్కుంటున్నాను. రెనే వంగి పెట్టె పక్కకి చూసింది. "ఎందుకండీ, రెండు మరలే కదా." స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు. పెట్టె తాళంతో సహా ఊడి ఆవిడ చేతిలోకొచ్చింది.

ముప్ఫై నాలుగేళ్ళు. రెండు మరలు. నేనెప్పుడూ పక్కకి తిరిగి చూడలేదు. నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు గానీ రెనే నాకు నీళ్ళిచ్చింది.

"మీరే పెట్టండి" అంది. డెబ్బై నొక్కాను. నా వేలితో. కింద సన్నగా హుమ్‌మని మొదలైంది, పాతదానిలా ఇల్లదరలేదు. నిమిషానికి కాళ్ళ దగ్గర వెచ్చగా తగిలింది. పైకి పరిగెత్తాను, పై గదుల్లోనూ వెచ్చగా తగిలింది.

"చల్లగాలి మాత్రం ఇప్పుడు పరీక్షించలేనండీ, బయట ఇంత చలిలో కుదరదు. మేలో వచ్చి చూస్తాను" అంది. మే! వెర్లిన్ మేకి ఉండాలి. ఉంటాడు.

పొగ ఎటు పోతుందో చూపిస్తానని వాకిట్లోకి తీసుకెళ్ళింది. కొత్త ఫర్నేసు పొగ చిమ్నీలోకి పోదట. పక్క గోడలోంచి మోకాలెత్తున తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, అందులోంచి తెల్లగా ఆవిరి బుసబుసా వస్తోంది.

ఎక్కడో చూశాను ఇది.

నెమ్మదిగా తల తిప్పాను. వీధికి అవతల, లైలాక్ పొద పక్కన, మోకాలెత్తున తెల్లటి గొట్టం. తెల్లటి ఆవిరి.

"రెనే, అదేమిటి? మా తోడికోడలి బట్టల డ్రయ్యర్ కదూ?"

ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది. వీధి దాటి పొద దాకా వెళ్ళి వచ్చింది. "డ్రయ్యర్ గొట్టానికి మూతలా రెక్కుంటుందండీ. ఇది ఫర్నేసే. ఇలాంటివి వందలు పెట్టాను."

చిమ్నీలో పొగ లేదు. తొమ్మిదేళ్ళుగా లేదు. పందెం తేలాక చలికాలంలో ఎవరూ తలెత్తి చూడలేదు. కొత్త ఫర్నేసు పెట్టించుకుని తొమ్మిదేళ్ళు. టోపీ వాళ్ళింటికి వెళ్ళి తొమ్మిదేళ్ళు.

ఓరి డెల్మర్!

అక్టోబరు 23, బుధవారం

ఎవరికీ చెప్పలేదు. ఇల్లంతా తిరిగి గది గదిలో థర్మామీటరు పెట్టాను. అన్నిచోట్లా డెబ్బై. కుట్టుమిషను గదిలో అరవై తొమ్మిది, తలుపు తెరిచుంచితే డెబ్బై. వెన్నలోకి కత్తి దిగుతోంది.

ఇంట్లో నేను చేతుల్లేని గౌనుతో తిరిగాను.

అక్టోబరు 24, గురువారం

ఇది మొత్తం రాయాలి.

పదకొండింటికి వచ్చారు. వెర్లిన్ ముఖం ముడుచుకునే ఉన్నాడు, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి, చంకలో స్వెట్టర్. నర్సు గది గదికీ వెళ్ళింది. నేను వంటింట్లో నిలబడి ఆవిడ అడుగుల చప్పుడు లెక్కపెట్టాను. పైకెళ్ళింది. కుట్టుమిషను గది. తలుపు తెరిచే ఉంచాను కదా, ఉంచాను. దిగొచ్చి థర్మామీటరు సంచిలో పెట్టుకుంది.

"ఇంత సమంగా ఉన్న ఇల్లు ఈ ఏడు చూడలేదండీ. మీ ఆయన మీకే" అని కాగితం మీద సంతకం చేసింది.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. గెలిచాను. ఇంకేం జరిగినా ఫరవాలేదు, మనిషి ఇంట్లో ఉన్నాడు.

వెర్లిన్ వాలుకుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ జరిపానని సణిగాడు. కాసేపు పోయాక చూస్తే దగ్గడం లేదు. అరచెయ్యి జాలీ మీదికి చాచి పెట్టుకున్నాడు, కుక్కపిల్ల మీద పెట్టినట్టు.

నాలుగింటికి డెల్మర్, మర్లిస్ వచ్చారు. డెల్మర్ నెత్తిన టోపీ.

"అన్నయ్యా, బాగున్నావా? పదో ఏడు కూడా నాదే!" అన్నాడు. "వదిన ఇరవై రెండునే వెలిగించేసింది. మా వాకిలి పెద్దదే, పార నేనిస్తాలే."

వెర్లిన్ నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఆ మాట వెర్లిన్ నోట్లోంచి రాకముందే నేను లేచాను.

"మర్లిస్, ఇవాళ బట్టలు ఉతికావా?"

"లేదక్కా, ఎందుకు?"

"ఇలా రా. వెర్లిన్, నువ్వు కూడా కిటికీలోంచి చూడు. లైలాక్ పొద దగ్గర ఆ ఆవిరి ఏమిటి డెల్మర్?"

"డ్రయ్యర్…"

"బట్టలు ఉతకలేదంటోంది మీ ఆవిడ. సరే, ఇప్పుడు ఇటు రా, మా గోడ పక్కన చూడు. అదే గొట్టం, అదే ఆవిరి. ఇది మా ఫర్నేసు. మరి అది?"

మర్లిస్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "చెప్పేయమని తొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నానక్కా! పెట్టించిన మొదటి ఏడు బుచ్ పరీక్షకని వెలిగించి, ఆపకుండా వెళ్ళిపోయాడు. బావగారేమో చిమ్నీ చూసి నువ్వే గెలిచావురా అన్నారు. ఇక ఈయన నోరు మూసుకున్నాడు. ఆపైన ప్రతి ఏడూ సెప్టెంబరు నుంచే…"

"సెప్టెంబరా!" అన్నాడు వెర్లిన్.

వెర్లిన్ ముఖం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. కానీ భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు! పగలబడి నవ్వు. దగ్గొచ్చింది, దగ్గులోనే నవ్వాడు, నేను వీపు రాశాను. కళ్ళు తుడుచుకుని, "ఇటివ్వరా దొంగవెధవా" అని టోపీ లాక్కున్నాడు. రెండు చేతుల్లో పట్టుకుని చూసుకున్నాడు. వాళ్ళ నాన్న టోపీ.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి నా నెత్తిన పెట్టాడు.

"తొమ్మిదేళ్ళు నిన్ను అనరాని మాటలన్నాను ఆర్డిస్. నీవల్ల పోయిందన్నాను. నాది తప్పు" అన్నాడు, వాళ్ళిద్దరి ముందే.

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నాను. చెవుల మీదికి రెక్కలున్నా స్పష్టంగా విన్నాను.

"తొమ్మిది చలికాలాల మంచు బాకీ పడ్డావురా" అన్నాడు తమ్ముడితో.

"ఎత్తుతానన్నయ్యా. తొమ్మిదేళ్ళూ ఎత్తుతాను."

"ఈ ఏడు మంచు చాలు" అన్నాను నేను. "మిగతా ఎనిమిదికీ నీ గరాజులో రంపాలున్నాయి కదా. ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ అల్మరాలు చేశావు. నా వంటింటికి చెయ్యి. మేపుల్ చెక్కతో. తలుపులు వేలాడకూడదు."

అందరూ నా వంక చూశారు. నాకు అల్మరాలు కావాలి. ఎప్పుడూ కావాలి. ఈ పుస్తకంలో రాసినవన్నీ ఉత్తుత్తి మాటలు.

వాళ్ళు తలలు వంచుకుని వెళ్ళాక వెర్లిన్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"ఏమే, కాస్త చల్లగా లేదూ? ఒక్క రెండు డిగ్రీలు పెంచరాదూ?"

ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఈ ఘడియ కోసం.

"స్వెట్టర్ వేసుకో" అన్నాను.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత వెళ్ళి రెండు డిగ్రీలు పెంచాను.

నవంబరు 1, శుక్రవారం

బయట ఈ ఏడు మొదటిసారి మంచు కురిసింది. డెల్మర్ ఆరింటికే పారతో వచ్చాడు. ఇంట్లో డెబ్బై రెండు.

పాత ఫర్నేసు రేకు బేస్‌మెంట్ గోడకి కొట్టించాను. సాయంత్రం వెర్లిన్ మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆగి, మళ్ళీ దిగి, దాని ముందు నిలబడ్డాడు. పెన్సిల్ అడిగాడు. తారీఖుల కింద "అక్టోబరు 22, ఆర్డిస్" అని రాశాడు. దాని కింద ఇంకో గీత గీసి, నెమ్మదిగా రాశాడు: "మే. చల్లగాలి పరీక్ష. వెర్లిన్ చూస్తాడు."